టామ్ క్రీన్ ఊరు చూడాలనుకునేవారికి: ట్రాలీ, అన్నస్కాల్, డింగిల్

దక్షిణ ధ్రువ యాత్రల ప్రస్తావన రాగానే స్కాట్, షాకల్టన్, అముండ్సెన్ పేర్లు చెప్పుకుంటాం. వారిలో మొదటి ఇద్దరి నాయకత్వంలో మూడు యాత్రలు చేసిన ఐరిష్ నావికుడు టామ్ క్రీన్‌ను మాత్రం ఆయన సొంత దేశమే చాలాకాలం పట్టించుకోలేదు. ఆయన పుట్టి పెరిగిన అన్నస్కాల్ ఐర్లాండ్‌లోని కెర్రీ కౌంటీలో, ట్రాలీ నుంచి డింగిల్ వెళ్లే దారిలో ఉన్న చిన్న ఊరు. డింగిల్ చేరాలన్న తొందరలో పర్యాటకులు చాలామంది ఇక్కడ కాసేపు ఆగి వెళ్లిపోతారు. కనీసం ఒక్క రాత్రైనా ఇక్కడ ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

ముందుగా ట్రాలీలోని కెర్రీ కౌంటీ మ్యూజియం చూడండి. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి రైలులో దాదాపు 4 గంటల ప్రయాణం, చాలా సర్వీసులకు మ్యాలోలో బండి మారాలి. మ్యూజియంలో క్రీన్ యాత్రల విభాగానికి తీరికగా సమయం కేటాయిస్తేనే తరువాత చూసే ఊరు అర్థమవుతుంది. 1912 జనవరిలో ధ్రువానికి సుమారు 270 కిలోమీటర్ల దూరంలో స్కాట్ ఆయనను మరో ఇద్దరితో కలిపి వెనక్కి పంపాడు. తిరుగుదారిలో ఆ ఇద్దరిలో ఒకడైన లెఫ్టినెంట్ ఎవాన్స్ విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ వ్యాధితో కదలలేని స్థితికి చేరగా, రెండోవాడైన లాష్లీ అతనికి తోడుగా గుడారంలో ఉండిపోయాడు. సహాయం తేవడానికి క్రీన్ మూడు బిస్కెట్లు, రెండు చాక్లెట్ ముక్కలు జేబులో వేసుకుని, గుడారం గానీ పడక సంచి గానీ లేకుండా, 56 కిలోమీటర్ల మంచు మైదానాన్ని 18 గంటలలో ఒంటరిగా దాటి యాత్రికుల స్థావరమైన హట్ పాయింట్‌కు చేరాడు. ఆయన చేరిన కొద్దిసేపటికే మంచు తుఫాను విరుచుకుపడింది. ఎవాన్స్ బతికాడు. నన్నడిగితే, ఆ యుగపు సాహసాలలో ఇంతకు మించినది లేదు.

ట్రాలీ నుంచి డింగిల్ వెళ్లే 275 నంబరు బస్సు అన్నస్కాల్‌లో ఆగుతుంది. సర్వీసులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు వేళ ముందే చూసుకోవాలి. నౌకాదళం నుంచి విరమించుకున్న తరువాత క్రీన్ భార్య ఎలెన్‌తో కలిసి నడిపిన పబ్బు, సౌత్ పోల్ ఇన్, ఇప్పటికీ ఉంది. గోడల నిండా యాత్రల ఫొటోలే. వాటిని నిదానంగా చూడాలంటే సాయంత్రం రద్దీ మొదలు కాకముందే వెళ్లడం మంచిది. ఎదుటి పార్కులో 2003లో నెలకొల్పిన కంచు విగ్రహం ఉంది. పెట్టెకు ఆనుకుని నిలబడి, ఒక చేత ఊతకర్రలు పట్టుకుని, మరో చేత రెండు కుక్కపిల్లలను పొదివి పట్టుకున్న ఆ రూపంలో ఠీవి కన్నా ఆప్యాయతే ఎక్కువ కనిపిస్తుంది.

ఇంతటి మనిషి తన యాత్రల గురించి ఊళ్లో పెద్దగా మాట్లాడేవాడు కాదు. పతకాలను దాచిపెట్టేశాడు. బ్రిటన్ నుంచి ఐర్లాండ్ స్వాతంత్ర్య పోరాటం సాగుతున్న కాలంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన చరిత్ర చెప్పుకోదగినది కాదు. బ్రిటిష్ పాలనలోని పోలీసు దళంలో సార్జెంటుగా ఉన్న ఆయన అన్న కొర్నీలియస్ 1920లో కాల్పులలో మరణించాడు. పైగా అధికారులలా పుస్తకాలు రాసే అలవాటు ఆయనకు లేదు. ఆయనను లోకం మరచిపోవడానికి ఈ కారణాలన్నీ తోడయ్యాయని నా నమ్మకం.

ఊరికి దగ్గరలోనే ఉన్న బ్యాలినకోర్టి శ్మశానానికి నడిచి వెళ్లవచ్చు, కానీ దారి ఇరుకు, కాలిబాట లేదు. క్రీన్ స్వయంగా కట్టుకున్న సమాధి అక్కడే ఉంది. 1938లో అపెండిక్స్ పగిలినప్పుడు ట్రాలీలో శస్త్రచికిత్స చేసే వైద్యుడు అందుబాటులో లేక కార్క్‌కు తరలించారు, అక్కడే జులై 27న కన్నుమూశాడు.

బస విషయానికొస్తే, డింగిల్‌లో హోటళ్లు, భోజనశాలలు ఎక్కువే అయినా వేసవిలో ధరలు, రద్దీ రెండూ భరించలేనంతగా ఉంటాయి. అన్నస్కాల్‌లో గదులు కొన్నే కాబట్టి ముందుగా బుక్ చేసుకోవాలి. ప్రశాంతత విషయంలో మాత్రం దీనికి సాటి లేదు. ట్రాలీలో మేము దిగిన ఒక బసలో గది చెమ్మగా ఉండి, హీటర్ రాత్రంతా పనిచేయలేదు. గది తీసుకునే ముందే ఆ సంగతి అడగండి. శాకాహారులు మరో మాట గమనించాలి. అన్నస్కాల్‌కు పేరు తెచ్చిన బ్లాక్ పుడ్డింగ్ అనే సాసేజ్‌ను జంతు రక్తంతో చేస్తారు, ఉదయపు ఫలాహారపు పళ్లెంలో అది తప్పకుండా ఉంటుంది. ముందురోజు రాత్రే చెబితే గుడ్డు, పుట్టగొడుగులు, టమాటా, రొట్టెతో వేరే పళ్లెం సిద్ధం చేస్తారు.