తలకోన పందివేట: 7,000 పోయింది, తెల్లారి 600 నిలబెట్టింది

తలకోన జలపాతానికి పోయే దారిలో ఎవరైనా మీ పక్కకొచ్చి “రాత్రికి పందివేట చూపిస్తాం సార్, కూర కూడా అక్కడే” అన్నారంటే, బండి ఆపకుండా పోండి. మేం నలుగురం ఆపినాం. తలకు 1,750 చొప్పున 7,000 చేతిలో పెట్టినాం.

తిరుపతి నుంచి దారి సుఖమే. చంద్రగిరి, రంగంపేట దాటి ఘాట్ ఎక్కి, భాకరాపేట దగ్గర మదనపల్లె రోడ్డు వదిలితే నెరబైలు మీదుగా తలకోన. మొత్తం అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ.

గది అడవి బయట, ప్రైవేటుది, 1,800. గీజరు లేదు, దోమలున్నాయి. దారిలో మమ్మల్ని ఆపి వేట మాట తెచ్చింది కూడా అక్కడి మనిషే. “ఫారెస్టోళ్లతో మాట్లాడుకున్నాం” అన్నాడు. రాత్రి ఎనిమిదిన్నరకు చెనిక్కాయ (వేరుశెనగ) చేన్ల గట్టు వెంబడి నడిపించాడు. వెంట ఇద్దరు మనుషులు, మూడు కుక్కలు, ఒక టార్చిలైటు. తుపాకీ మాట దేవుడెరుగు, సంచిలోంచి బైకు క్లచ్ వైర్లు బయటికొచ్చాయి. అవి ఉచ్చులని తెలిసేసరికి వెనక్కి తిరిగినాం. డబ్బులడిగితే “కుక్కలకూ మనుషులకూ అయిపోయింది” అన్నాడు. పంది కూర కోసమే వచ్చిన మా బావమరిది ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు, అదీ మా మీద కోపంతో.

ఆ కోపం ఎంత తప్పో లెక్క చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పందిని వేటాడటం నేరం. 2022 సవరణ తర్వాత మామూలు శిక్షే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. తలకోన ఉన్నది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో. పార్కు లోపల వేటాడితే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా పోవచ్చు. జరిమానా 25,000కు తగ్గదు. చంపిన జంతువు మాంసం ప్రభుత్వ ఆస్తి, గిన్నెలో ఉన్నా కేసే. పంటను పాడుచేసే పందినైనా అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే కొట్టాలి, అది టూరిస్టుకు అమ్మే సరుకు కాదు. పైగా ఇది ఎర్రచందనం అడవి. రాత్రిపూట టార్చితో దొరికినవాణ్ని ముందు దొంగ అనుకుంటారు, పంది సంగతి తర్వాతే.

ప్రాణం సంగతి ఇంకోటి. పందుల కోసం చేను చుట్టూ లాగిన కరెంటు తీగ మనిషిని గుర్తుపట్టదు. పిండిలో చుట్టి పెట్టిన నాటుబాంబు ఆవు నోట్లోనూ పేలుతుంది. చీకట్లో తెలియని గట్టు మీద నడవడమే తెలివితక్కువ.

తెల్లారి ఆరింటికి చెక్‌పోస్టు దగ్గర అడిగి, రసీదుతో స్థానిక గైడును తీసుకున్నాం. నలుగురికీ కలిపి 600. మూడు గంటల్లో ఆయన చూపించినంత పంది ఏ వేటలోనూ కనబడదు, జంతువు ఒక్కటీ ఎదురు రాకపోయినా.

బురదలో ముందు రెండు వెడల్పాటి గిట్టలు, వాటి వెనక రెండు పక్కలా చిన్న గుంటలు పడితే అది పంది అడుగు. దుప్పి అడుగు సన్నగా, మొన తేలి ఉంటుంది, వెనక గుంటలు సాధారణంగా పడవు. గడ్డల కోసం, పురుగుల కోసం పంది మూతితో నేలను దున్నినట్టు పైపైన వెడల్పుగా కుళ్లగిస్తుంది. పుట్ట పగిలి లోతుగా బొక్క, గోళ్ల గీతలు ఉంటే ఎలుగుబంటి పని, అక్కడ ఆగకూడదు. పొర్లిన గుంట పక్కన చెట్టు మొదలుకు బురద పూసి ఉంటుంది. అది తడిగా ఉంటే పంది కాసేపటి కిందటే పోయినట్టు. దానికి చూపు మందం, వాసన మాత్రం అమోఘం. గాలి మన వైపు నుంచి వీస్తే మనం చూడకముందే జారుకుంటుంది. గాలి ఎదురుగా వీస్తే తెలియక దగ్గరికి వచ్చేస్తుంది, ప్రమాదం అప్పుడే. అందుకే పొద గుబురుగా ఉన్నచోట ఆయన కర్రతో రాయి మీద కొట్టుకుంటూ నడిచాడు. ఒంటిమీద చారలున్న పిల్లలు కనిపిస్తే తల్లి పక్కనే ఉందని లెక్క, మధ్యలోకి పోవద్దు. మీదికొస్తే బాటలో తిన్నగా పరుగెత్తకుండా లావాటి చెట్టు చాటుకు పోవాలి.

పదింటికల్లా బావమరిది మోకాళ్ల మీద కూర్చుని అడుగులు కొలుస్తున్నాడు.

జలపాతం 270 అడుగులు. నీళ్లు చూడాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, వానలు పడ్డాక పోండి; వేసవిలో తడి బండే. రాళ్లు పాచి పట్టి ఉంటాయి, రబ్బరు చెప్పులు వద్దు. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర కోతులకు చేతిలో కవరు కనిపిస్తే చాలు.

ఇంకోసారి పోతే అటవీశాఖ గదులే ముందుగా బుక్ చేస్తాను. గేటు లోపలే పడుకుంటే పొద్దున నడకకు గంట కలిసొస్తుంది, ఇలాంటి బేరగాళ్లూ రారు.

తిండి మాత్రం ఊళ్లోని ఇంటి భోజనమే. రాగిసంగటి, నాటుకోడి పులుసు, పక్కన చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, మనిషికి 220. సంగటి ముద్ద రెండోసారి అడిగినా డబ్బు పెంచలేదు. కాకపోతే నడకకు పోయేముందే చెప్పి పోవాలి. మధ్యాహ్నం వచ్చి అడిగితే కోడి ఉండదు, గుడ్డు పులుసే గతి.