పదేళ్లుగా డెక్2ఆక్ట్ వాడుతున్నాను

మాదాపూర్‌లో లినక్స్ సర్వర్లు చూసుకునే టీమ్‌లో పని చేస్తాను. నెల మొదటి వారంలో ఒక ఆడిట్ షీట్ తయారు చేయాలి. ఏ ఫైల్‌కి ఏ పర్మిషన్ ఉంది, ఉండాల్సినదే ఉందా, ఎవరైనా మార్చారా అన్నది అందులో ఉండాలి. ఆ వివరాలు తెచ్చే పైథాన్ స్క్రిప్ట్ పర్మిషన్లను డెసిమల్‌లో ఇస్తుంది: 33188, 33261, 16877, ఇలా. మేం మాట్లాడుకునేది మాత్రం 644, 755 అనే ఆక్టల్‌లో, అంటే 0 నుంచి 7 వరకు అంకెలే వాడే పద్ధతిలో. స్క్రిప్ట్‌లోనే మార్చేస్తే పోదా అని చాలామంది అడిగారు. ఆ స్క్రిప్ట్ వేరే టీమ్‌ది, పైగా ఆడిట్ చేసేవాళ్లకు అసలు విలువ కూడా పక్కన కనబడాలి. అందుకే పదేళ్లుగా ఈ పని ఎక్సెల్‌లో డెసిమల్‌ని ఆక్టల్‌గా మార్చే డెక్2ఆక్ట్ ఫంక్షనే చేస్తోంది.

వాడటం తేలికే. =డెక్2ఆక్ట్(420) అని కొడితే 644 వస్తుంది. =డెక్2ఆక్ట్(420,4) అంటే ముందు సున్నా చేర్చి 0644 ఇస్తుంది. రెండో సంఖ్య మొత్తం ఎన్ని అంకెలు కావాలో చెబుతుంది. జవాబు అన్ని అంకెల్లో పట్టకపోతే నమ్ ఎర్రర్ ఇస్తుంది తప్ప అంకెలు కోసేయదు. ఈ గుణం నాకు చాలా నచ్చింది. 420.9 లాంటిది ఇస్తే మాత్రం చుక్క తర్వాతది వదిలేసి 420గానే తీసుకుంటుంది.

అమీర్‌పేటలో కోర్సు చేసేటప్పుడు ఇదంతా నోట్‌బుక్‌లో చేయించేవారు. 420ని 8తో భాగిస్తే 52, శేషం 4. 52ని భాగిస్తే 6, శేషం మళ్లీ 4. ఆ 6ని ముందు పెట్టి శేషాలను కింది నుంచి పైకి చదివితే 644. ఒక్కో ఆక్టల్ అంకె సరిగ్గా మూడు బిట్లు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, ఉన్నవాటిని కూడితే ఆ అంకె. ఓనర్‌కి ఒక అంకె, గ్రూప్‌కి ఒకటి, మిగతావాళ్లకి ఒకటి. అందుకే 420 చూస్తే ఏమీ అర్థం కాదు, 644 చూడగానే అంతా తెలిసిపోతుంది.

ఇక నన్ను ఇబ్బంది పెట్టిన సంగతులు. మొదటిది, ఈ ఫంక్షన్ ఇచ్చేది సంఖ్య కాదు, టెక్స్ట్. మొదటి ఏడాది కండిషనల్ ఫార్మాటింగ్‌లో 755 కన్నా పెద్దదైతే ఎరుపు రంగు వేయమని రూల్ పెట్టాను. కాలమ్ మొత్తం ఎర్రబడింది, 644లతో సహా. ఎక్సెల్‌లో టెక్స్ట్‌ని సంఖ్యతో పోలిస్తే ప్రతిసారీ టెక్స్టే పెద్దది. గడిలో ఎడమ వైపుకి అతుక్కుని ఉన్న అంకెలు చూశాక గానీ విషయం తట్టలేదు. మాస్టర్ లిస్ట్‌లో 644 అని మామూలు సంఖ్యగా పెడితే లిస్ట్‌లో వెతికి పెట్టే వీలుకప్ ఫంక్షన్‌కి కూడా అది దొరకదు. మీ లిస్ట్‌ని కూడా టెక్స్ట్‌గానే పెట్టుకోండి, సమానమా కాదా అని మాత్రమే పోల్చండి. నిజానికి పెద్దదా చిన్నదా అన్న ప్రశ్నే ఇక్కడ తప్పు. 700 సంఖ్యగా 666 కన్నా పెద్దది. కానీ 700 ఉంటే ఓనర్, రూట్ (సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్) తప్ప ఎవరూ ముట్టుకోలేరు, 666 ఉంటే ఆ సర్వర్‌లో ఎవరైనా ఫైల్‌లో రాసేయొచ్చు.

రెండోది నా తప్పు, ఫంక్షన్‌ది కాదు. 33188ని మారిస్తే 100644 వస్తుంది. ముందున్న 10 ఇది మామూలు ఫైల్ అని చెప్పే భాగం, దాని పక్కన 0 ప్రత్యేక పర్మిషన్ల అంకె. నాకు కావాల్సింది చివరి మూడే కదా అని రైట్ ఫంక్షన్‌తో మూడు అంకెలు తీసుకుంటూ వచ్చాను. 35309 ఉన్న ఫైల్ కూడా అలా 755గానే కనబడింది. అసలు జవాబు 104755. ఆ 4 అంటే ప్రోగ్రామ్‌ని ఎవరు నడిపినా అది ఓనర్ అధికారంతో నడుస్తుందని. ఓనర్ రూట్ అయితే అంతకన్నా ముఖ్యమైన అంకె ఆ షీట్‌లో ఇంకోటి లేదు. కొన్ని నెలల రిపోర్టుల్లో దాన్నే నేను కోసేశాను. తెలిసిన రోజు పాత షీట్లన్నీ తీసి మళ్లీ లెక్క చూసేదాకా కూర్చున్న చోటు నుంచి లేవలేదు. అదృష్టం, ఉండకూడని ఫైల్ ఒక్కటీ దొరకలేదు.

మూడోది మైనస్ సంఖ్యలు. స్క్రిప్ట్‌కి ఫైల్ దొరకకపోతే -1 రాస్తుంది. ఒక రాత్రి షిఫ్ట్‌లో ఉన్న జూనియర్ ఫోన్ చేసింది. "అక్కా, ఒక ఫైల్‌కి 7777 ఉందక్కా, ఏం చేయాలె?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది. 7777 అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసినట్టు. నాకూ నిద్ర ఎగిరిపోయింది. "పక్క గడిలో అసలు విలువ ఎంతుందో చూడమ్మా" అన్నాను. "మైనస్ ఒకటి ఉందక్కా" అంది. అసలు అక్కడ ఫైలే లేదు. మైనస్ సంఖ్య ఇస్తే ఈ ఫంక్షన్ 30 బిట్ల టూస్ కాంప్లిమెంట్ (మైనస్ సంఖ్యలను బిట్లలో రాసే తీరు) పద్ధతిలో పది అంకెల జవాబు ఇస్తుంది. -1కి పది ఏడులు, -100కి 7777777634. ఎన్ని అంకెలు కావాలని మనం చెప్పింది అప్పుడు పట్టించుకోదు. అప్పటికి రైట్‌తో మూడుకి బదులు నాలుగు అంకెలు తీసుకుంటున్నాం కాబట్టి, ఆ పది ఏడుల్లో చివరి నాలుగే ఆ రాత్రి మాకు కనబడినవి.

అప్పటి నుంచి నా ఫార్ములా ఇది: =ఇఫ్(ఏ2<0,"ఫైల్ లేదు",డెక్2ఆక్ట్(మాడ్(ఏ2,4096),4)). మాడ్ అంటే భాగిస్తే మిగిలే శేషం. 4096 ఎందుకంటే అది 8ని నాలుగుసార్లు గుణిస్తే వచ్చేది, పర్మిషన్లన్నీ చివరి నాలుగు ఆక్టల్ అంకెల్లోనే ఉంటాయి. మైనస్‌ని ముందే ఆపేయడం తప్పనిసరి, లేకపోతే మాడ్ కూడా -1ని 4095 చేసి మళ్లీ 7777నే చూపిస్తుంది.

ఇంకో హద్దు కూడా ఉంది. -536870912 నుంచి 536870911 వరకే తీసుకుంటుంది, దాటితే నమ్ ఎర్రర్. పర్మిషన్లకి అది ఎక్కువే. అంతకన్నా పెద్ద సంఖ్యలుంటే ఎక్సెల్ 2013లో వచ్చిన బేస్ ఫంక్షన్ వాడండి. =బేస్(420,8,4) కూడా 0644 ఇస్తుంది. మైనస్ ఇస్తే నేరుగా ఎర్రర్ చూపిస్తుంది, ఆ ఒక్క విషయంలో నాకు అదే మేలనిపిస్తుంది. అయినా డెక్2ఆక్ట్ వదల్లేదు. పేరు చూడగానే ఏం చేస్తుందో కొత్తవాళ్లకి అర్థమవుతుంది, షీట్ చేతులు మారే చోట అది చాలా అవసరం. గూగుల్ షీట్స్‌లోనూ, ఇంట్లో నేను వాడే లిబ్రే ఆఫీస్‌లోనూ ఇదే పేరుతో ఉంది. ఎక్సెల్ 2003లో మాత్రం అనాలిసిస్ టూల్‌ప్యాక్ ఆన్ చేసుకుంటే తప్ప నేమ్ ఎర్రర్ వచ్చేది. అమీర్‌పేట ల్యాబ్‌లో ఆ ఎర్రర్ చూసి స్పెల్లింగ్ తప్పేమోనని ఒక పూటంతా వెతికాను.

షీట్‌ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేసి మళ్లీ ఎక్సెల్‌లో తెరిస్తే 0644 కాస్తా 644 అయిపోతుంది. ఇంపోర్ట్ చేసేటప్పుడు ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని ఎంచుకుంటే సున్నా నిలుస్తుంది.

ఈ నెల షీట్‌లో 4755 ఒక వరుసలో, 1777 ఒక వరుసలో వచ్చాయి. మొదటిది పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్, రెండోది తాత్కాలిక ఫైళ్లు ఉండే టెంప్ ఫోల్డర్. రెండూ అలాగే ఉండాలి. జూనియర్ వాటిని తనే గుర్తుపట్టి, పక్క గడిలో కారణం రాసి పంపింది.