మా అల్లుడి వంశం వెతుకుతూ ఫ్యామిలీసెర్చ్‌తో నాలుగేళ్ళు

మా అల్లుడిది అమెరికాలో కెంటకీ రాష్ట్రం. మొదటిసారి వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు మా వియ్యంకుడు "మేం డేనియల్ బూన్ వంశం" అన్నాడు. అప్పటికి నాకా పేరు తెలియదు. అడవిలో దారి కొట్టించి 1775లో బూన్స్‌బరో కోట కట్టిన వేటగాడని మా అమ్మాయి తర్వాత చెప్పింది. మా నరసరావుపేట వైపు ప్రతి రెండో ఇంటికీ ఒక పల్నాటి వీరుడు ముత్తాతగా ఉంటాడు, ఇదీ అలాంటిదేలే అనుకున్నాను.

నాలుగేళ్ళ కిందట మనవడికి స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పాత దస్తావేజులు తిరగేసినవాణ్ణి. చేతులు ఊరుకోలేదు.

వాడింది ముఖ్యంగా ఫ్యామిలీసెర్చ్, పూర్వీకుల పాత రికార్డులు వెతుక్కునే వెబ్‌సైటు. పైసా కట్టక్కర్లేదు, ఖాతా తెరిస్తే చాలు. దీన్ని నడిపేది మోర్మన్ చర్చి. వాళ్ళు 1938 నుంచి దేశదేశాల రికార్డులు మైక్రోఫిల్మ్ తీస్తూ వచ్చారు, 2021 నాటికి దాదాపు 24 లక్షల ఫిల్మ్ చుట్టలు డిజిటల్ చేశారు. కొన్ని రికార్డుల పేజీ బొమ్మలు మాత్రం ఇంట్లో తెరుచుకోవు, వాళ్ళ సెంటర్‌కో, వాళ్ళతో ఒప్పందం ఉన్న లైబ్రరీకో వెళ్ళాలి. ఇది కాక డబ్బు కట్టే సైటొకటి ఏడాది వాడాను. దాని పేరు చెప్పను.

ఆ డబ్బు కట్టిన సైటులోనే మొదటి దెబ్బ తిన్నాను. "ఈయన మీ పూర్వీకుడు కావచ్చు" అని అది సూచనలిస్తుంది. నొక్కుకుంటూ పోతే ఒక్క సాయంత్రంలో ఇంగ్లండులో బోహన్ ప్రభువుల కోటగుమ్మం దాకా వెళ్ళిపోయాం. మనవడు గంతులేశాడు. మర్నాడు కాఫీ తాగుతూ తేదీలు చూస్తే ఒక తల్లికి నాలుగేళ్ళ వయసులో కొడుకు పుట్టాడు! బూన్ ఇంటిపేరును బోహన్‌కు అతికించిన వృక్షాలు నెట్లో కోకొల్లలు. ఒకరు గీసింది పదిమంది దింపుకున్నారు, మధ్యలో కాగితం మాత్రం లేదు. ఆ రాత్రే మొత్తం చెరిపేసి మొదటికొచ్చాను.

లింకు డాక్యుమెంట్ లేని స్థలం మనం కొంటామా? ఇక్కడా అంతే. ఫలానావాడు ఫలానావాడి కొడుకు అని చెప్పే కాగితం తరానికొకటి చేతిలో ఉండాలి. వెతికే పెట్టెలో పేరు కొడితే వచ్చే జాబితా దారి చూపిస్తుంది, అంతవరకే. అసలు పేజీ బొమ్మ తెరిచి చదవాల్సిందే. పొడుగాటి పాతకాలపు 'ఎస్' అచ్చం 'ఎఫ్' లాగే ఉంటుంది. బూన్ ఒకచోట బోన్, ఇంకోచోట చివరి అక్షరం లేని బూన్.

కెంటకీలోనే రెండేళ్ళు పట్టింది. 1850కి ముందు అమెరికా జనగణనలో ఇంటిపెద్ద పేరొక్కటే రాసేవాళ్ళు, మిగతావాళ్ళంతా అంకెలే. కెంటకీకి 1790, 1800 లెక్కల పుస్తకాలు అసలు మిగల్లేదు. పన్ను జాబితాలు, వీలునామాలు, భూమి కాగితాలే దిక్కు. పైగా 1792లో రాష్ట్రమయ్యేదాకా అది వర్జీనియాలో భాగం, కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, విడిపోతూనే ఉన్నాయి. మా నరసరావుపేట ఇప్పుడు పల్నాడు జిల్లా, 2022 దాకా గుంటూరు. పాత కాగితం కావాలంటే గుంటూరు అనే వెతకాలి కదా, అదే తంతు.

వీలునామాల్లో చుట్టరికాలు ఇంకో తలనొప్పి. మనకు బావ, మరిది, బావమరిది, తోడల్లుడు వేరువేరు. వాళ్ళకు అందరూ బ్రదర్ ఇన్ లానే. ఆ రోజుల్లో సవతి కొడుకును కూడా సన్ ఇన్ లా అని రాసేవాళ్ళు. డేనియల్, అతని తమ్ముడు ఎడ్వర్డ్ ఇద్దరూ బ్రయన్ వారి అక్కచెల్లెళ్ళనే చేసుకున్నారు. రెబెకా, మార్తా తోడికోడళ్ళన్నమాట. ఆ రెండిళ్ళ పిల్లల్ని కలిపేసిన వృక్షాలు ఎన్ని చూశానో. చివరికి మావాళ్ళ గొలుసు వెళ్ళి ఆగింది 1780లో షానీ అనే అక్కడి ఆదివాసీ తెగవాళ్ళ చేతిలో చనిపోయిన ఎడ్వర్డ్ దగ్గర. డేనియల్ దగ్గర కాదు.

ఆ ఇద్దరి తండ్రి స్క్వైర్ బూన్. అక్కణ్ణుంచి పని సులువైంది, కారణం వాళ్ళు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. ఒక ఊరి సమావేశం (తమ సంఘాన్ని వాళ్ళు అలాగే అంటారు) నుంచి ఇంకో ఊరికి మారితే నడవడి పత్రం తెచ్చుకోవాలని వాళ్ళ నియమం. పెన్సిల్వేనియాలో గ్వినెడ్ సమావేశపు మినిట్స్ నకలు మా పక్క పబ్లిక్ లైబ్రరీ కంప్యూటర్లో చూశాను. 1717, 10వ నెల, 31వ తేదీ. స్క్వైర్ తండ్రి జార్జ్ బూన్ ఇంగ్లండులోని కలంప్టన్ సమావేశం ఇచ్చిన పత్రం చూపించాడు, దాన్ని చదివి అంగీకరించారు అని ఉంది. సముద్రం దాటించిన లింకు డాక్యుమెంట్ అదే. ఆ పేజీ మూడుసార్లు చదివాను.

ఆ 10వ నెల అక్టోబర్ కాదు, డిసెంబర్. క్వేకర్లు నెలల పేర్లు దేవతలవని వాటికి అంకెలు వేసేవాళ్ళు, అప్పట్లో వాళ్ళ లెక్క మార్చితో మొదలయ్యేది. ఇంగ్లండులో 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, మన ఉగాది సమయానికే! ఇది తెలియకే స్క్వైర్ పెళ్ళిని చాలామంది 1720 జులైలో పెట్టేశారు. పుస్తకంలో ఉన్నది 7వ నెల, అంటే సెప్టెంబర్.

ఇంగ్లండు వైపు చెప్పుకోదగ్గది తక్కువ. చర్చి రిజిస్టర్లు రాయమని 1538లోనే ఆజ్ఞ వచ్చింది గానీ, క్వేకర్లు తమ పిల్లలకు బాప్తిస్మం ఇప్పించరు, వాళ్ళ లెక్కలు వేరు. బూన్‌లు ఉండిన డెవన్ ప్రాంతపు వీలునామాల్లో ఎక్కువ భాగం 1942 మే నెలలో అక్కడి ఎక్సెటర్ నగరం మీద పడిన జర్మన్ బాంబులకు కాలిపోయాయి. అదృష్టం కొద్దీ 1788లో జార్జ్ మనవడు జేమ్స్ బూన్ ఇంటి చరిత్ర రాసిపెట్టాడు. తాత జార్జ్ 1666లో ఎక్సెటర్ దగ్గరి స్టోక్ అనే పల్లెలో పుట్టాడనీ, నేతపని చేసేవాడనీ, బ్రాడ్‌నించ్ అనే ఊరి నుంచి 1717లో అమెరికాకు బయల్దేరాడనీ, ఆయన తండ్రి కమ్మరి అనీ అందులో ఉంది. నేను అక్కడే ఆగాను. అంతకు పైన ఎవరైనా చెప్తే కాగితం చూపించమంటాను.

ఫ్యామిలీసెర్చ్‌ను వాడండి, ఉచితంగా దొరికేదాంట్లో దీన్ని మించింది నాకు కనబడలేదు. ఇతరులు గీసిన వృక్షాలను మాత్రం పుకార్ల కింద లెక్కేసుకోండి. డబ్బు కట్టే సైటుకు నేను మళ్ళీ కట్టలేదు, అలాంటివి చూడాలంటే లైబ్రరీ ఉంది.

వియ్యంకుడికి ఎడ్వర్డ్ సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "ఎడ్వర్డ్ ఎవరికి తెలుసు బావగారూ?" అన్నాడు. ఆ 'బావగారూ' ఒక్కటీ తెలుగులోనే. చుట్టాలొస్తే ఇప్పటికీ డేనియల్ అనే చెప్తాడు. మనవడు మాత్రం చార్టులో జార్జ్ పక్కన మగ్గం బొమ్మ గీశాడు. మగ్గం ఎలా ఉంటుందని అడిగితే మంగళగిరిలో తీసిన ఫోటో ఫోన్లో చూపించాను. దాన్ని చూసే గీశాడు.