లక్నవరం దారిలో లాడ్జి దోపిడీ, తాటివనంలో కల్లు

లక్నవరం చెరువుకు పోయేవాళ్లు ములుగు దాటాక రోడ్డు పక్క లాడ్జిల్లో మాత్రం దిగకండి. మాకు ఫోన్లో గదికి 1,600 అన్నారు. సామాన్లు దింపాక 'శనివారం రేటు' అని 2,200 గుంజారు. గీజరు లేదు, దుప్పట్లు ముక్కిపోయిన వాసన. దానికీ ఓర్చుకున్నాం. రాత్రి మా బావమరిది బీరు అడిగితే, సీసా మీద 180 అని అచ్చేసి ఉన్నదానికి 280 అన్నారు. బిల్లు ఇవ్వమంటే, బెల్టు షాపు సరుకుకు బిల్లేంటని మొహం మీదే అడిగారు. అది చల్లగా కూడా లేదు. మూడు సీసాలకు 840, ఉడికీ ఉడకని కోడికూరకు 420. ఆ రాత్రంతా మా ఆవిడ ముఖం ముడుచుకునే ఉంది. ఎమ్మార్పీ మీద వంద రూపాయలు లాగడం పట్టపగటి దోపిడీయే, ఇంకో మాట లేదు.

రామప్ప గుడి, చెరువు మీద వేలాడే వంతెన, దీవుల చుట్టూ పడవ, అన్నీ బాగానే జరిగాయి. మా గోడు విన్న ఆటో అన్న, 'సారూ, రేపు పొద్దుగాల మా ఊరి తాటివనం కాడికి రాండ్రి, అసలు కల్లు తాపిస్త' అన్నాడు.

గోవిందరావుపేట మండలంలో చిన్న ఊరు. మేం వెళ్లేసరికి కల్లు గీసే గౌడన్న చెట్టు మీదే ఉన్నాడు. నడుముకు ముత్తాదు తాడు, దాని మీద ప్రభుత్వం 2024లో ఇవ్వడం మొదలుపెట్టిన, జారి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం. మోకు (చెట్టెక్కే తాడు) జారి నడుము విరిగినవాళ్లను చూశాడట, ఆ కవచం లేకుండా ఇప్పుడు చెట్టెక్కడట. దించిన లొట్టిలో, అంటే కల్లు కుండలో, నురుగు, నురుగు మీద రెండు తేనెటీగలు. గుడ్డతో వడగట్టి, తాటాకు మడిచి రేక చేసి చేతుల్లో పెట్టాడు. రెండు చేతులా పట్టుకుని వంగి తాగాలి. పోత్తాడు (మగ తాటిచెట్టు) కల్లు, తియ్యగా, చివర కాస్త వగరు. వద్దంటూ వచ్చిన మా ఆవిడే రెండో రేక అడిగింది. సీసా లెక్కన 60 రూపాయలు, పక్కన శనగ గుడాలు (గుగ్గిళ్లు) 20.

మండువలో, అంటే కల్లు తాగే చోట, కూర్చున్న ఏడెనిమిది మందిలో ప్రతి ఒక్కరూ మొదట నాలుగు చుక్కలు నేల మీద దేవుడికి సాక పోశాకే తాగారు. ఒక ముసలమ్మ స్టీలు గిన్నెలో పోయించుకుని ఇంటికి పట్టుకుపోయింది, పైసలు ఖాతాలో రాయమంది. మూడో రేక అడిగిన కుర్రాడికి గౌడన్న పోయలేదు. 'బండి మీద పోవాలె గద బిడ్డా, ఇగ చాలు' అన్నాడు. ఆ కుర్రాడు మారుమాట లేకుండా లేచిపోయాడు. తాగించేవాడికి తాగేవాడి ఇల్లూ వాకిలీ తెలిసినచోట పద్ధతి ఇలా ఉంటుంది. లాడ్జిలో మమ్మల్ని అడిగినవాళ్లెవరు?

ఎండెక్కేకొద్దీ కల్లు పులిసి ఘాటెక్కుతుంది, అందుకే పొద్దున ఎనిమిదిలోపు వెళ్లండి. చెట్టు దగ్గర కళ్లముందు దించింది తప్ప ఎక్కడా తాగొద్దు. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు అమ్మేవాళ్లున్నారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు జనం ప్రాణాలే పోయాయి. పది, ఇరవై నోట్లు చిల్లర ఉంచుకోండి. బండి నడిపేవాళ్లు ముట్టొద్దు. రాత్రి బసకైతే హన్మకొండే మేలు, తెల్లవారకముందే బయల్దేరితే డెబ్బై కిలోమీటర్లు పెద్ద దూరం కాదు.