జాగ్రత్త: 'డ్రీమ్ గర్ల్' పోస్టర్ అని చెప్పి 'డ్రీమీ గర్ల్' అంటగడుతున్నారు

పాత హిందీ సినిమా పోస్టర్లు ఆన్‌లైన్‌లో కొనే అలవాటున్నవాళ్లు ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి.

హేమమాలిని అంటే పడిచచ్చే మా పిన్ని పుట్టినరోజుకని 'డ్రీమ్ గర్ల్' (1977) ఒరిజినల్ పోస్టర్ బుక్ చేశాను. నాలుగున్నర వేలు. లిస్టింగ్‌లో పెట్టిన ఫొటో అసలు సినిమాదే. తీరా పార్సిల్ ట్యూబ్ విప్పితే లోపల దీపికా పదుకొణె! పైన పేరేమో 'డ్రీమీ గర్ల్'.

ఆ పేరుతో సినిమా ఏదీ రాలేదు. ఫరా ఖాన్ తీసిన 'ఓం శాంతి ఓం' (2007)లో శాంతిప్రియ అనే హీరోయిన్ నటించినట్టు చూపించే ఉత్తుత్తి సినిమా అది. జూనియర్ ఆర్టిస్టు ఓం ఆ హోర్డింగ్ కింద నిలబడి ఆమెతో కబుర్లు చెప్పుకుంటాడు. నాకు భలే ఇష్టమైన సినిమా. 'కర్జ్' (1980)లోని పాటనే టైటిల్‌గా పెట్టుకున్నారు. 'ధూమ్ తానా' పాటలో సునీల్ దత్, రాజేశ్ ఖన్నా, జితేంద్రల పాత క్లిప్పుల్లోకి దీపికను ఎంచక్కా దూర్చేశారు. ఆ బొమ్మ పులితో ఫైటు పెట్టి మన సౌత్ సినిమాలను వెక్కిరించడం కాస్త ఓవరే అనుకోండి, అయినా నవ్వొస్తుంది. ఇదంతా నకలేనని ప్రేక్షకుడికి తెలిసేలా ఆడిన ఆట అది. ఈ అమ్మకందారు ఆ నకలునే '1977 ఒరిజినల్' అని అమ్ముతున్నాడు. దీపిక పుట్టిందే 1986లో!

అడిగితే వచ్చిన జవాబు: "రెండూ ఆ టైమ్ సినిమాలే మేడమ్, లుక్ సేమ్." ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపాక మాట మార్చి, ఆర్ట్ ప్రింట్లకు రిటర్న్ లేదన్నాడు.

పేరు సంగతి వదిలేసినా, ఆ కాగితమే పట్టిస్తుంది. అప్పట్లో పోస్టర్లను థియేటర్లకు మడతపెట్టి పంపేవారు. అందుకే అసలుదైతే మడత దగ్గర రంగు పగిలి కింది తెల్లకాగితం బయటపడుతుంది, వేలికి గరుగ్గా తగులుతుంది. నాకొచ్చినదాంట్లో మడతలు, మాసిన మరకలు, మూలన చిరుగు, అన్నీ అచ్చువేసినవే! చెయ్యి పెడితే కొత్త క్యాలెండర్‌లా నున్నగా జారిపోతోంది. భూతద్దంలో చూస్తే రంగు చిమ్మినట్టు చెదిరి ఉంది, అంటే ఇప్పటి ఇంక్‌జెట్ ప్రింటరుతో తీసిన ప్రింటు. అప్పటి పోస్టర్లలా ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చయినదైతే చుక్కలు ఒక వరసలో అల్లుకుని కనిపిస్తాయి.

కొనేముందు మడతల దగ్గర, వెనకవైపు క్లోజప్ ఫొటోలు అడగండి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, లిస్టింగ్ స్క్రీన్‌షాట్ ముందే దాచుకోండి. నాకు ఇప్పుడు పనికొస్తున్నవి ఆ రెండే. 'రిటర్న్ లేదు' అన్న మాటకు భయపడకండి. ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు ఇంకా రాలేదు.

ఆ లిస్టింగ్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది. ఇప్పుడు 'అరుదైన 70ల పోస్టర్' అని పేరు మార్చి, ధర ఇంకో ఐదొందలు పెంచారు.