మహారాణిపేట బయాప్సీ ల్యాబ్: హెర్2 పరీక్షకు వెళ్లేవాళ్ల కోసం

రేటింగ్: 4/5

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు దగ్గర్లో, మేడ మీద ఉంటుంది. లిఫ్ట్ లేదు, బండి పెట్టడానికి చోటు దొరకదు. అయినా రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 అనే ప్రోటీన్ ఎంత ఉందో చూసే ఈ పరీక్ష మా వాళ్లలో ఎవరికి అవసరమైనా నేను ఇక్కడికే పంపుతాను.

అక్కకి రొమ్ములో రెండు గడ్డలుంటే వేరే ఆసుపత్రిలో నీడిల్ బయాప్సీ చేసి (సూదితో ముక్క తీసి), ఆ ముక్కల సీసాలు మా చేతికే ఇచ్చారు. ల్యాబ్ కౌంటర్‌లో అబ్బాయి మొదట అడిగింది డబ్బు కాదు, ముక్కను ఫార్మలిన్‌లో (పాడవకుండా ఉంచే ద్రవంలో) ఎన్నింటికి వేశారని. సీసా మీద టైం లేదు. అప్పటికప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుని రాసుకున్నాడు. ముక్క అందులో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉండాలట. లేకపోతే హెర్2 ఫలితాన్ని నమ్మలేం.

ఒక గడ్డ ఫైబ్రోఎడినోమా, క్యాన్సర్ కాదు. రెండోది క్యాన్సర్, హెర్2 స్కోరు 2+ అని వచ్చింది. పాథాలజిస్ట్ మేడం మమ్మల్ని లోపల కూర్చోబెట్టి స్లైడ్‌ను తెర మీద చూపించారు. "ఇది మామూలు పాలనాళం అమ్మా, రంగు పట్టలేదు చూడండి. ఈ క్యాన్సర్ కణాల అంచు చుట్టూ మాత్రం లేత గోధుమరంగు పట్టింది" అన్నారు. గ్రోత్ ఫ్యాక్టర్లు పంపే "పెరగాలి" అన్న కబురును కణం లోపలికి చేరవేసే ప్రోటీన్ల కుటుంబంలోది హెర్2. మామూలు కణంలోనూ కొద్దిగా ఉంటుంది. దాని జీన్ 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, కణానికి రెండు కాపీలు. సుమారు 15–20 శాతం రొమ్ము క్యాన్సర్లలో ఆ కాపీలు పెరిగిపోయి, ప్రోటీన్ కణం పైపొర నిండా పేరుకుపోతుంది. స్లైడ్ మీద రంగు హెర్2 ఉన్నచోటే పడుతుంది, అది పట్టిన తీరును బట్టి స్కోరు ఇస్తారు: 3+ అయితే పాజిటివ్, 0 గానీ 1+ గానీ అయితే నెగటివ్. 2+ దగ్గర తేలదు, ఫిష్ అనే పరీక్షలో జీన్ కాపీలనే లెక్కపెట్టాలి. అక్క అడిగిందే మళ్లీ అడిగినా ఆవిడ విసుక్కోలేదు. అందుకు ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాలి.

ఫిష్ ఇక్కడ చేయరు, హైదరాబాద్ పంపుతారు. దానికి వేరే ఫీజు ఉంటుందని ముందు చెప్పలేదు. చెప్పిన రోజుకి రిపోర్ట్ కూడా రాలేదు. ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. ఒక స్టార్ తగ్గించింది అందుకే.

ఫిష్ పాజిటివ్ వచ్చింది. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ మొదలుపెట్టారు. హెర్2 ఎక్కువగా ఉన్న క్యాన్సర్‌కే పనికొచ్చే మందు అది, కాబట్టి ఈ పరీక్ష ఎంత సరిగ్గా జరిగితే అంత మేలు. అక్కడ మైనపు బ్లాకులు (ముక్కను మైనంలో పెట్టి చేసినవి), స్లైడ్లు తెమ్మంటే ల్యాబ్‌వాళ్లు సంతకం పెట్టించుకుని వెంటనే ఇచ్చారు. బ్లాకుల్ని మాత్రం ఎండలో, బండి డిక్కీలో ఉంచకండి, మైనం కరుగుతుంది. మేడం సాయంత్రం పూట ఉంటారు, రిపోర్ట్ తీసుకోవడానికి అప్పుడే వెళ్లండి.