వైట్ లైట్ ప్రొఫైలర్ నాలుగేళ్ల తర్వాత: ఫ్రింజ్‌లు చూసి లెవెల్ చేయడం గురించే చెప్తా

వైట్ లైట్ ప్రొఫైలర్ అంటే తెల్లటి వెలుగుతో ఉపరితలం ఎత్తుపల్లాలు కొలిచే మైక్రోస్కోప్ లాంటి మెషిన్. స్పెసిఫికేషన్లు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. మా షాపులో పాలిష్ చేసిన గ్లాస్ ముక్కల రఫ్‌నెస్ చూడ్డానికి నాలుగేళ్లుగా దీన్నే వాడుతున్నా, ఇప్పటికీ నాకు బాగా నచ్చేది ఒక్కటే, ఫ్రింజ్‌లు, అంటే ముక్క నుంచీ మెషిన్ లోపలి అద్దం నుంచీ వచ్చే వెలుగులు కలిసి స్క్రీన్ మీద ఏర్పడే చారలు, చూస్తూ ముక్కని లెవెల్ చేయడం. చారలు సన్నగా దగ్గరదగ్గరగా ఉంటే ముక్క వాలి కూర్చుందని అర్థం, టిల్ట్ నాబ్ తిప్పుతుంటే ఒక్కొక్కటే వెడల్పవుతూ చివరికి స్క్రీనంతా ఒకే చార పరుచుకుంటుంది. చారకీ చారకీ మధ్య ఎత్తు తేడా వెలుగు తరంగదైర్ఘ్యంలో సగం, ఆకుపచ్చ ఫిల్టర్ వేస్తే దాదాపు 275 నానోమీటర్లు. అంత చిన్న వాలుని కంటితో చూసి చేత్తో సరిచేస్తున్నామన్న సంతోషం నాకింకా తగ్గలేదు.

టిల్ట్ సాఫ్ట్‌వేరే తీసేస్తుందిగా అంటారు మా కుర్రాళ్లు. హడావుడిలో నేనూ నాలుగు చారలు వదిలేసేవాణ్ని. పోయిన వేసవిలో అలాగే కొలిస్తే ఎత్తుల మ్యాప్‌లో సన్నటి అలలు కనిపించాయి, ఆర్‌ఎమ్‌ఎస్ (సగటు గరుకుతనం చెప్పే అంకె) ఎప్పుడూ 1 నానోమీటర్ లోపు వచ్చేది 3 దాకా పోయింది. పాలిషింగ్‌లోనే తేడా అనుకుని మా పాలిషింగ్ అన్నతో రెండుసార్లు మళ్లీ చేయించా, పాపం ఆయన ప్యాడ్ కూడా మార్చాడు, అయినా అవే అలలు. మూడో రోజు ముక్కని 90 డిగ్రీలు తిప్పి పెట్టా. అలలు తిరగలేదు! ముక్క మీదున్న గీతలైతే దాంతోపాటే తిరగాలి కదా. లెక్కపెడితే చారలు 4, అలలు 8, చారల వెంటే ఉన్నాయి. అంటే అవి ముక్క మీదివి కావు, కొలతలో వచ్చిన తప్పు, కొలత జరుగుతుండగానే ముక్క కదులుతోంది. కింద డబుల్ సైడ్ టేప్ వేసి నొక్కేవాళ్లం, అది మెల్లగా సర్దుకుంటోంది, చారలన్నీ పోగొట్టి టీ తాగొచ్చేసరికి మళ్లీ మూడు వచ్చి ఉన్నాయి. టేప్ పీకేసి మూడు చిన్న స్టీల్ బాల్స్ మీద ఊరికే కూర్చోబెడితే అలలు పోయాయి. అన్నకి సారీ చెప్పా.

చారలు ఇట్టే దొరుకుతాయని ఇదివరకు అందరికీ చెప్పేవాణ్ని, అది 10ఎక్స్ (పది రెట్లు పెద్దగా చూపే) లెన్స్ వరకే. వైట్ లైట్‌లో చారలు కొన్ని మైక్రాన్ల ఎత్తులోనే కనిపిస్తాయి, 50ఎక్స్‌లో నాబ్ కాస్త జోరుగా తిప్పితే దాటిపోతాం, బాగా నునుపైన గ్లాస్ మీద ఫోకస్ పట్టడానికి చిన్న మచ్చ కూడా ఉండదు. ఫీల్డ్ స్టాప్ (వెలుగు పడే మేర తగ్గించే మూత) మూసి దాని అంచు షార్ప్‌గా వచ్చేదాకా ఫోకస్ చేస్తే చారలు అక్కడే దగ్గర్లో దొరుకుతాయి. గ్రైండింగ్ మాత్రమే అయిన ముక్కల మీద చారలు చెదిరిపోయి లెవెల్ ఎటుందో తెలీదు, వాటికి నేను సూది మొనతో తాకి కొలిచే స్టైలస్ మెషినే వాడతా.

మాకు నేల అదురు మెషిన్‌కి తగలకుండా గాలి మీద నిలబెట్టే ఎయిర్ టేబుల్ ఉంది, రోజుకి పది పదిహేను ముక్కలే కాబట్టి చేత్తో తిప్పుకునే టైమ్ ఉంటుంది. వంద ముక్కలు చూడాల్సినవాళ్లు ఆటో లెవెల్ ఉన్నదే తీసుకోండి, దాంట్లో కూడా టేప్ మాత్రం వాడకండి.